ఎవరు కట్టేస్తున్నారు?

మున్సిపల్ ఆఫీసు ప్రహరీగోడకి ఆనించి మూడు బల్లలుంటాయి. మధ్య బల్ల అర్జీలక్కయ్యది. పంతొమ్మిదేళ్లుగా అక్కడే కూర్చుని టైపు కొడుతోంది. కుళాయి కావాలన్నా, వీధిదీపం వెలగడం లేదన్నా, పోయిన మనిషి పోయాడని కాగితం కావాలన్నా, బతికున్న మనిషి బతికే ఉన్నాడని కాగితం కావాలన్నా, జనం ముందు ఆమె దగ్గరికి వచ్చి తర్వాతే ఆఫీసు మెట్లెక్కుతారు. ఆమె రాసిన అర్జీ ఊరికే తిరిగిరాదని పేరు.

అందులో మంత్రమేమీ లేదు. ఆమెకొక నియమం ఉంది, అంతే. అర్జీలో ఎవరి పేరూ రాయదు. ఫలానా గుమాస్తా నన్ను పదిసార్లు తిప్పాడని వచ్చి గుండెలు బాదుకున్నవాడికి కూడా, "మా దరఖాస్తు కొంతకాలంగా పరిశీలనలో ఉండిపోయినది" అనే రాసిస్తుంది. పేరు రాస్తే ఆఫీసువాళ్లు ఆ మనిషిని పిలిచి నాలుగు చీవాట్లు పెట్టి ఫైలు మూసేస్తారు, కుళాయి మాత్రం రాదు. పేరు రాయకపోతే గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టు, ఎవరికి వాళ్లు తడుముకుని పని చేసిపెడతారు. ఈ కిటుకు ఆమెకి ఎవరూ నేర్పలేదు. అర్జీలు తిరిగొచ్చిన మొదటి రెండేళ్లూ నేర్పాయి.

బుధవారం పొద్దున్న ఆఫీసు తెరవకముందే కుర్చీలాయన వచ్చాడు. ఊళ్లో ఏ సభ జరిగినా, ఎవరింట్లో శుభమో అశుభమో జరిగినా కుర్చీలూ, టెంట్లూ, మైకులూ అద్దెకిచ్చేది ఆయనే. ముప్పయ్యేళ్లు ఊరందరి సభలకీ కుర్చీలు వేశాక, ఒక్కసారి తనకోసం వేసుకుంటే ఎలా ఉంటుందో చూడాలనిపించింది కాబోలు, ఈసారి వార్డు సభ్యుడిగా నిలబడ్డాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఎక్కడ కూర్చోబోయినా ముందు కుర్చీ కాలు పట్టుకుని ఊపి చూసుకోవడం ఒక్కటే ఆయనకున్న దురలవాటు. అక్కయ్య బల్ల ముందున్న స్టూలుని కూడా అలాగే ఊపి చూసి కూర్చున్నాడు.

"రాశావా అమ్మా?"

అక్కయ్య కాగితాలు తీసి చదివింది. శుక్రవారం సాయంత్రం పై వీధిలో ఆయన చెయ్యాల్సిన ఉపన్యాసం అది. వార్డు అభివృద్ధికి ఏమేం కావాలో అన్నీ ఉన్నాయి అందులో. మురుక్కాలవకి మూతలు, మలుపులో రెండు దీపాలు, మూతపడ్డ చదువుల గది మళ్లీ తెరవడం, ఆడవాళ్లకి కుట్టుపని నేర్పే కేంద్రం, చివరగా నీళ్లు. "నేను చేస్తాను" అని ఎక్కడా లేదు. "మనం చేసుకుందాం" అని ఉంది. ఊపిరి తీసుకోవాల్సిన చోట ఎర్ర పెన్సిలుతో ఒక గీత, చప్పట్ల కోసం ఆగాల్సిన చోట రెండు గీతలు పెట్టింది.

ఆయన కళ్లు మూసుకుని అంతా విన్నాడు. "అన్నీ ఉన్నాయమ్మా. కానీ ఏమీ అనుకోకు, అర్జీలా ఉంది."

"అర్జీలు రాసేదాన్ని. మరెలా ఉంటుంది?"

"ఇది వింటే జనం సరే అంటారు. సరే అంటే నాకు చాలదు. లేవాలి. నేను వక్తల్ని ముందునుంచి ఎప్పుడూ చూళ్లేదమ్మా, వెనకాల నిలబడే చూశాను. ఏ సభ పండిందో నాకు కుర్చీలు ఏరేటప్పుడు తెలుస్తుంది. చప్పగా సాగిన సభలో వేసిన కుర్చీలు వేసినట్టే ఉంటాయి. జనం లేచిన సభలో నాలుగు దిక్కులకీ పడుంటాయి. నాకు కుర్చీలు చెదరాలి."

"చెదరడానికేం, గాలివాన వచ్చినా చెదురుతాయి," అంది అక్కయ్య.

ఆయన నవ్వి, రేపటికల్లా ఒక్క పేరా చాలు, కాస్త కారంగా రాసిపెట్టమని వెళ్లిపోయాడు.

మామూలుగా అయితే అక్కయ్య ఇలాంటి మాటలు పట్టించుకోదు. కానీ "అర్జీలా ఉంది" అన్న మాట రోజంతా కాల్లో ముల్లులా ఉండిపోయింది. పంతొమ్మిదేళ్లుగా ఎన్ని వేల కాగితాలు రాసిందో. వాటి మీద ముద్రలు పడ్డాయి, సంతకాలు పడ్డాయి, ఒక్కోసారి టీ మరకలు పడ్డాయి. ఒక్కసారి కూడా చప్పట్లు పడలేదు. పడాలని ఉందని ఆమెకి ఆ రోజే తెలిసింది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి తమ్ముడు గుమ్మం దగ్గర కూర్చుని కీకి నూనె రాస్తున్నాడు. కీ అంటే తాళంచెవి కాదు. వాల్వులు తిప్పే ఇనప కడ్డీ, నడుమెత్తు ఉంటుంది, పైన అడ్డంగా పిడి. ఆ పిడికి సైకిలు ట్యూబు ముక్క బిగించి చుట్టుకున్నాడు, చేతులు కందకుండా. పదకొండేళ్లుగా అతను వార్డులో నీళ్లు వదిలే మనిషి. పదకొండేళ్లుగా తాత్కాలికమే. మూడు నెలలకోసారి పని కాగితాన్ని పొడిగిస్తారు. ఏ వీధి వాల్వు ఎన్ని చుట్లు తిప్పితే ఎన్ని ఇళ్లకి ధార వస్తుందో అతనికి చేతిలో ఉంటుంది, అడిగితే చెప్పలేడు.

భోజనాల దగ్గర అక్కయ్య అడిగింది. "ఒరేయ్, పై వీధికి నీళ్లు ఎందుకు అందవురా?"

"పైపు చిన్నది. చోటు ఎత్తు," అన్నాడు నోట్లో ముద్ద పెట్టుకుంటూ. "పైగా నేను ఇరవై నిమిషాలు ముందే కట్టేస్తాను కదా."

"కట్టేస్తావా?"

"ఊఁ. కట్టెయ్యకపోతే కింద ఎక్కదు." అతను ఇంకేదో చెప్పబోయాడు గానీ, మరదలు మధ్యలో వంటగది కప్పు కురుస్తోందన్న సంగతి ఎత్తింది. ఎన్నిసార్లు చెప్పినా ఈయనకి చెవికెక్కదనీ, ఊరందరికీ నీళ్లు సరిగ్గా వదిలే మనిషి ఇంట్లో నీళ్లు ఆపలేకపోతున్నాడనీ దెప్పింది. తమ్ముడు నవ్వాడు. మాట అటు మళ్లిపోయింది.

అక్కయ్య మాత్రం "కట్టేస్తాను" అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఆ మాటలో ఆమెకి కావలసిన కారం ఉంది. నీళ్లు రావడం లేదంటే జనం నిట్టూరుస్తారు. ఎవరో కట్టేస్తున్నారంటే లేస్తారు. ఆ క్షణంలో ఆమెకి తమ్ముడు కనబడలేదు, మాట ఒక్కటే కనబడింది. కింద ఎక్కకపోతే ఏమిటి, కింద ఎవరున్నారు అని అడగాలని తోచలేదు.

మర్నాడు పొద్దున్నే బల్ల దగ్గర కూర్చుని ఒక్క ఊపున రాసింది:

"నీళ్లు లేవా? ఉన్నాయి. ట్యాంకులో ఉన్నాయి. పైపులో ఉన్నాయి. మన వీధి మొగదాకా వచ్చి ఆగిపోతున్నాయి. వాటంతటవే ఆగుతున్నాయా? నీళ్లకి మనమంటే పగా? కాదు. ఎవరో కట్టేస్తున్నారు. ఎవరు కట్టేస్తున్నారు? మన బిందెలు ఎండబెట్టి, మన ఆడవాళ్లని పక్క వీధుల గుమ్మాల ముందు నిలబెట్టి, ఎవరు కట్టేస్తున్నారు? అడుగుతున్నాను, ఎవరు కట్టేస్తున్నారు?"

తర్వాత రెండు ఎర్ర గీతలు పెట్టింది. పేరు రాయలేదు. రాయాలన్న ఊహే రాలేదు, చేతికి అలవాటు లేదు. ఆమె మనసులో ఉన్నది పాత సభ్యుడు. రెండు విడతలు గెలిచి ఒక్క కొత్త పైపు కూడా అడగని మనిషి. ఈ ప్రశ్న వినగానే భుజాలు తడుముకుంటాడులే అనుకుంది.

కుర్చీలాయన పెదవులు కదుపుతూ కాగితం చదివాడు. "ఇదీ," అన్నాడు చివరికి. జేబులో పెట్టుకుని, పోయేముందు స్టూలు జాగ్రత్తగా బల్ల కిందికి జరిపి మరీ వెళ్లాడు.

శుక్రవారం సాయంత్రం పై వీధి మలుపులో సభ. ఇస్త్రీ దుకాణం ముందు ఖాళీ జాగాలో నూటయాభై కుర్చీలు వేశారు. అన్నీ నిండాయి, గోడల మీద కూడా జనం కూర్చున్నారు. అక్కయ్య చివరి వరసలో, కొంగు తల మీదికి లాక్కుని కూర్చుంది. ఉపన్యాసం ఎవరు రాశారో ఇక్కడ ఎవరికీ తెలియదు, తెలియకూడదు కూడా. అది ఆ పనిలో మర్యాద.

మురుక్కాలవ మూతల దగ్గర జనం తలలూపారు. చదువుల గది దగ్గర ఒకాయన తన పక్కాయనతో ఏదో అన్నాడు. కుట్టు కేంద్రం దగ్గర ఆడవాళ్ల వైపునుంచి నాలుగు చప్పట్లు వచ్చాయి. కుర్చీలాయన గొంతు మొదట్లో వణికింది గానీ, నీళ్ల దగ్గరికి వచ్చేసరికి కుదుటపడింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కంఠతా పట్టేశాడన్నమాట.

"ఎవరు కట్టేస్తున్నారు?" అన్నాడు.

పిల్లని ఆడిస్తున్న ఒకావిడ ఆడించడం ఆపింది.

"ఎవరు కట్టేస్తున్నారు?"

గొణుగుడు మొదలైంది. ముందు వరసలో ఒక కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు.

మూడోసారి అడిగి ఆయన ఆగాడు. ఎర్ర గీతలు రెండూ ఉన్న చోట సరిగ్గా ఆగాడు. ఆ ఆగిన చోటులోకి మైకు బండి దగ్గరనుంచి ఎవరిదో గొంతు వచ్చి పడింది. "వాల్వు వాడే! రోజూ ముందే కట్టేసి పోతాడు! నేను చూశాను!"

"అవును! వాడే!" అన్నారు ఇద్దరు. తర్వాత పదిమంది. తర్వాత లెక్క తెలియలేదు. జనం లేచారు. కుర్చీలు నాలుగు దిక్కులకీ పడ్డాయి.

ముందు సంతోషమే కలిగింది అక్కయ్యకి. అది దాచాల్సిన పని లేదు. ఒంటి మీద రోమాలు నిక్కపొడుచుకున్నాయి, తన మాట ఇంతమందిని లేపిందని. ఆ వెనకే, ఒక ఊపిరి ఆలస్యంగా, వాళ్లు ఎవర్ని అంటున్నారో తెలిసింది. ఆమె వేదిక వైపు చూసింది. ఆయన కాదంటాడేమోనని. ఆయన అవుననలేదు, కాదనలేదు. కళ్లు సగం మూసుకుని, వానలో నిలబడ్డ మనిషిలా ఆ చప్పట్లలో నిలబడ్డాడు. చప్పట్లు తగ్గాక, "ఆ సంగతి ఓట్ల రోజున తేల్చుకుందాం," అని తర్వాతి వాక్యంలోకి వెళ్లిపోయాడు.

కాగితం మీద ఖాళీగా వదిలిన పేరు ఆఫీసు గదిలో పెద్దవాళ్లని భయపెడుతుంది. వీధిలో అయితే అది చేతికి అందినవాడి మెడకి చుట్టుకుంటుంది. పంతొమ్మిదేళ్లు ఆఫీసు గుమ్మంలో కూర్చున్న మనిషికి ఈ తేడా తెలియలేదు.

మర్నాడు తమ్ముడు ఎప్పటిలాగే అయిదున్నరకి వెళ్లాడు. రాత్రి చెబుదామనుకుంది అక్కయ్య, పొద్దున్న చెబుదామనుకుంది, రెండుసార్లూ చెప్పలేదు. ఎనిమిదింటికి అతను ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది.

"కీ ఏదండీ?" అంది మరదలు. చొక్కా సంగతి తర్వాత అడిగింది.

"తీసేసుకున్నారు. ఇకనుంచి వాళ్లే తిప్పుకుంటారట."

"కొట్టారా?"

"లేదే. లాగారు. లాగడం వేరు, కొట్టడం వేరు." అతను చెంబెడు నీళ్లు తాగి గోడకి చేరగిలబడ్డాడు. "వాల్వు మొత్తం తెరిచేశారక్కా. అలా తెరిచినా వాళ్లకి వచ్చేది అంతే, సన్నగానే వస్తుంది. కింద కాన్పుల ఆసుపత్రి ట్యాంకు మాత్రం ఈరోజు ఎక్కదు. తొమ్మిదింటికి ఆయాలు బకెట్లు పట్టుకుని వీధిన పడతారు."

అప్పుడు తెలిసింది అక్కయ్యకి. అయిదేళ్ల కిందట ఆ ఆసుపత్రి పెద్ద నర్సమ్మ స్వయంగా వాల్వు గుంట దగ్గరికి వచ్చి నిలబడిందట. కాన్పు గదిలో చేతులు కడుక్కోవడానికి నీళ్లు చాలడం లేదు, ఏమైనా చెయ్యగలవా నాయనా అందట. పై వీధి ఇరవై నిమిషాలు ముందు కడితే కింద ట్యాంకు నిండుతుందని ఇతను నాలుగు రోజులు తిప్పి చూసి కనిపెట్టాడట. అప్పటినుంచీ అంతే.

"ఆవిడచేత రాయించుకోలేదురా? చిన్న కాగితం? మన ఆఫీసర్నైనా అడగలేదూ?"

"ఆవిడ నోటితో అడిగింది, నేను చేత్తో చేశాను. దానికి కాగితమెందుకక్కా?"

"ఆవిడ ఉందా ఇప్పుడు?"

"ఎప్పుడో బదిలీ అయిపోయింది."

ఊరందరికీ కాగితాలు రాసే ఇంట్లో, కావలసిన ఒక్క కాగితం లేదు. అక్కయ్య చేతిసంచీ తీసుకుని పనికి బయల్దేరింది. మరదలు గుమ్మందాకా వచ్చి, "వదినా, ఎవడో మైకులో ఎగదోశాడట. వాడి నోరు పడిపోనూ," అంది. అక్కయ్య చెప్పుల్లో కాళ్లు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

పదకొండింటికి పై వీధినుంచి ఇద్దరు వచ్చారు. ఒకాయన బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, అందరికంటే ముందు అరిచే అలవాటు ఇంకా పోలేదు. రెండో మనిషి ఇస్త్రీ దుకాణం ఆవిడ. కండక్టరు చేతిలో తమ్ముడి కీ ఉంది. సైకిలు ట్యూబు చుట్టిన పిడిని భుజానికి ఆనించుకుని కూర్చున్నాడు.

"అమ్మా, మీరైతే గట్టిగా రాస్తారని అందరూ చెప్పారు. వాల్వు మనిషిని తీసెయ్యమని అర్జీ. వీధంతా సంతకాలు పెడుతుంది."

వాల్వు మనిషి ఈమెకి ఏమవుతాడో వాళ్లకి తెలియదు. పదకొండేళ్లుగా రోజూ చూస్తున్న మనిషి పేరు ఏమిటో కూడా వాళ్లకి తెలియదని మాటల్లో తేలింది.

"చెప్పండి, ఏం రాయాలి?" అంది అక్కయ్య. ఆ మాట అలవాటుగా వచ్చేసింది.

కండక్టరు గొంతు సవరించుకున్నాడు. "నీళ్లు లేవా? ఉన్నాయి. ట్యాంకులో ఉన్నాయి. పైపులో ఉన్నాయి…" పొల్లు పోకుండా అప్పజెబుతున్నాడు. ఊపిరి తీసుకోవాల్సిన చోట తీసుకుంటున్నాడు. ఇస్త్రీ ఆవిడ పెదవులు కూడా కదులుతున్నాయి. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. పృథివి దాకా ఎందుకు, ఒక్క పూటలో అది తిరిగి ఆమె బల్ల దగ్గరికే వచ్చింది.

"రిబ్బను అయిపోయింది," అంది అక్కయ్య. "సోమవారం రండి."

అబద్ధం చెప్పి అర్జీ వాయిదా వేయడం ఆమెకి అదే మొదలు.

ఆదివారం కుర్చీలాయన గోదాముకి వెళ్లింది. ఆయన నేల మీద గొంతుక్కూర్చుని, మొన్నటి సభలో కాళ్లు విరిగిన కుర్చీలకి మరలు బిగిస్తున్నాడు. పదిహేడు విరిగాయని మురిపెంగా చెప్పాడు.

"ఆ వాల్వు మనిషి నా తమ్ముడండీ," అంది.

ఆయన మర తిప్పడం ఆపాడు. నిజంగానే నొచ్చుకున్నట్టు కనిపించాడు. "అయ్యో. ముందే చెప్పాల్సింది కదమ్మా."

"ముందు చెప్పడానికి అతని పేరు నేనెక్కడ రాశాను?"

"నేనెక్కడ చదివాను? నువ్వు రాయలేదు, నేను అనలేదు. కాగితం తీసి చూడు, ఒక్క మనిషి మీద కూడా ఒక్క మాట లేదు." అక్కయ్యకి తన నియమమే ఎదురొచ్చి వినిపించింది. ఆసుపత్రి సంగతి చెప్పింది. రేపు పక్క వీధిలో సభ ఉంది కదా, అక్కడ ఒక్క ముక్క, ఆ మనిషి తప్పేమీ లేదు, పైపు చిన్నదని ఒక్క ముక్క అనమంది. రాసిన చీటీ చేతికిచ్చింది.

ఆయన చీటీ రెండుసార్లు చదివాడు. "నిజమేనమ్మా. అంతా నిజమే. కానీ వాడు కాదంటే మరి ఎవరు అంటారు. పైపు అనాలి నేను. పైపుని చూసి ఎవడైనా కుర్చీలోంచి లేస్తాడా? కోపం తెచ్చుకోడానికి ఒక మొహం ఉండాలమ్మా. పైపుకి మొహమేదీ?" చీటీ మడిచి ఆమె చేతిలోనే పెట్టాడు. "నేను గెలిచాక నీ తమ్ముడి పని సంగతి నేను చూస్తాను. మాటిస్తున్నాను." ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే ఆమెకి ఎక్కువ బాధ కలిగించింది.

ఆ సాయంత్రమే కూర్చుని ఆమె అర్జీ టైపు చేసింది. పంతొమ్మిదేళ్ల నియమం పక్కనపెట్టి ఉన్నదున్నట్టు రాసింది. పై వీధి పైపు ఎంత సన్నమో, వీధి ఎంత ఎత్తో, ఆసుపత్రికి ఇరవై నిమిషాల నీళ్లు ఎందుకో, అలా కట్టమని ఎవరు అడిగారో రాసింది. ఆసుపత్రికి వేరే పైపు, పై వీధికి పెద్ద పైపు మంజూరు చెయ్యమని కోరింది. చివర ఒక వాక్యం అదనంగా చేర్చింది. శుక్రవారం సభలో చదివిన ప్రశ్న తాను రాసినదేననీ, వాల్వు తిప్పే మనిషిని ఉద్దేశించి రాసినది కాదనీ, అతను తన తమ్ముడనీ. తమ్ముడి పేరు, తన పేరు, రెండూ పూర్తిగా రాసింది.

సోమవారం వాళ్లిద్దరూ వచ్చారు. ఆమె చదివింది. చదువుతున్నంతసేపూ కండక్టరు కళ్లు చిట్లించి, తనకి రావలసిన చిల్లర కోసం చూసే ప్రయాణికుడిలా చూశాడు.

"అయితే ఆ ఉపన్యాసం మీరే రాశారా!" అన్నాడు అంతా అయ్యాక. మిగతాదేదీ అతని చెవికెక్కినట్టు లేదు. "ఎంత బాగా రాశారమ్మా! అలాంటి చెయ్యి పెట్టుకుని ఇదేమిటి ఇంత చప్పగా? ఇందులో కోపమేదీ?"

"నిజం ఉంది కదండీ."

"నిజం ఉంటే ఉండనివ్వండి. పైకి తెలియాలి కదా. తమ్ముడని మెత్తబడ్డారు మీరు, అర్థం చేసుకోగలను. అక్కతనం ఎక్కడికి పోతుంది."

ఇస్త్రీ ఆవిడ మాత్రం తల వంచుకుని గోరు గిల్లుకుంటోంది. "ఆసుపత్రి సంగతి నిజమేనా అమ్మా? మా కోడలు అక్కడే కంది." అక్కయ్య తలూపాక, "ఆ మాట ఆ రోజే మైకులో చెప్పించాల్సింది," అంది. "ఇప్పుడు చెబితే ఏం లాభం. వీధంతా లేచి కూర్చుంది. నేనొక్కదాన్ని సంతకం పెట్టనంటే నా దుకాణానికి ఎవరొస్తారు?"

"ఒక్కసారి వీధిలో నన్ను చదవనివ్వండి. నేనే వచ్చి చదువుతాను."

"వద్దమ్మా," అన్నాడు కండక్టరు, మర్యాదగానే. "మీరు మంచివారు. మీమీద మాకేం కోపం లేదు."

వాళ్లు లేచి పక్క బల్లకి వెళ్లారు. అక్కడ కూర్చునే టైపు తాతకి కళ్లు సరిగ్గా ఆనవు, నియమాలేమీ లేవు, చెప్పింది చెప్పినట్టు కొడతాడు. కండక్టరు మళ్లీ గొంతు సవరించుకున్నాడు. "నీళ్లు లేవా? ఉన్నాయి," అన్నాడు. తాత మిషను టకటకలాడింది. అడుగు దూరంలో కూర్చుని అక్కయ్య తన మాటలన్నీ ఒక్కొక్క అక్షరంగా మళ్లీ విన్నది. ఈసారి ప్రశ్న దగ్గర తాత ఆగి, "మరి ఎవరు? ఆ ముక్క రాయొద్దూ?" అని అడిగాడు. కండక్టరు చెప్పాడు. తాత రాశాడు.

ఆమె తన అర్జీ తాను ఒక్కతే సంతకం చేసి లోపలికి తీసుకెళ్లి ఇచ్చింది. గుమాస్తా ముద్ర వేసి తీసుకున్నాడు. మధ్యాహ్నానికి రెండోది కూడా వచ్చింది, వెనక నూటపన్నెండు సంతకాలతో. ఒకే ముద్ర పడింది రెండింటికీ.

బుధవారం తమ్ముణ్ణి పిలిచారు. ఇరవై నిమిషాలు ముందు కట్టమని ఆర్డరు ఉందా అని అడిగారు. లేదన్నాడు. ఆసుపత్రివాళ్లు రాతపూర్వకంగా అడిగారా అన్నారు. లేదన్నాడు. మరి ఎవరు కట్టమన్నారు అంటే, "నేనే కట్టానండీ," అన్నాడట. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు. ఈసారి మూడు నెలల కాగితం పొడిగించలేదు. మధ్యాహ్నం ఒకాయన ఇంటికి వచ్చి నూనె డబ్బా, టార్చిలైటూ అప్పజెప్పించుకుని వెళ్లాడు.

పై వీధికి ఇప్పుడు పూర్తి సమయం వదులుతున్నారు. ధార మునుపటిలాగే సన్నగా వస్తోంది, పైపు అదే కనక. కొత్తగా వేసిన మనిషి ఇంకా చుట్లు నేర్చుకుంటున్నాడనీ, సర్దుకుంటుందనీ వీధివాళ్లు చెప్పుకుంటున్నారు. కుర్చీలాయన ఆ ప్రశ్నని మిగతా మూడు వీధుల్లోనూ అడిగాడు. రోజంతా నీళ్లు వచ్చే వీధిలో కూడా జనం లేచారట.

ఒకనాటి సాయంత్రం తమ్ముడు వంటగది కప్పు మీదికెక్కి పగిలిన పెంకులు తీసి కొత్తవి పెడుతున్నాడు. మరదలు ఎన్నాళ్లుగానో అడుగుతున్న పని. ఆవిడ ఇప్పుడు అడగలేదు, అతనే ఎక్కాడు. అక్కయ్య నిచ్చెన కింద నిలబడి పెంకులు అందిస్తోంది. నాలుగు అందించాక అయిదోది చేతిలోనే ఉంచుకుంది.

"ఒరేయ్. ఆ ఉపన్యాసం రాసింది నేనేరా."

"తెలుసక్కా," అన్నాడు తమ్ముడు, చెయ్యి చాపి.

ఆమె పెంకు ఇవ్వడం మర్చిపోయింది. "ఎలా తెలుసు?"

"నేనూ వచ్చాను కదా సభకి. నువ్వు పొద్దున్నే బల్ల దగ్గర రాస్తుంటే, ఆయన తీసుకెళ్తుంటే వాల్వులు తిప్పి వస్తూ చూశాను, నీకు చెప్పకుండా వెళ్లి విందామనుకున్నాను. మైకు బండి వెనకాల చీకట్లో నిలబడ్డాను."

"అంతా విన్నావా?"

"అంతా."

"విని కూడా ఇన్ని రోజులూ ఒక్క మాట అనలేదేమిరా నన్ను?"

అతను పెంకుల మధ్యనే చతికిలబడ్డాడు. చేతులకంటిన మట్టి దులుపుకున్నాడు. "ఏమని అననక్కా? నిజం చెప్పనా? ఆయన మూడోసారి అడిగేసరికి నాకే ఒళ్లు మండిపోయింది. ఎవడ్రా వాడు, ఇంతమంది నీళ్లు కట్టేసేవాడు, దొరికితే చూద్దాం అనుకున్నాను. అందరితోపాటు చప్పట్లు కూడా కొట్టాను. నా పక్కనున్నవాడు వాల్వు వాడే అని అరిచాక గానీ గుర్తు రాలేదు." అతనికి నవ్వొచ్చింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపేమీ లేదు. "అంత బాగా రాశావక్కా," అన్నాడు.